పాలకమండలిలో కూర్చున్నది ఎవరు?

(కామారెడ్డిలో ఇచ్చిన స్మారక ఉపన్యాస పాఠం)



సారు పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచిన ఆయన కుటుంబానికి, పాత విద్యార్థులకు కృతజ్ఞతలు. సారు ఈ ఊళ్లో ఏళ్ల తరబడి అర్థశాస్త్రం చెప్పారు. బడ్జెట్ పెట్టిన మర్నాడు పాఠం పక్కన పెట్టి పేపరు చదివించేవారట. "ఈ లెక్క రాసినోడు ఎవడు? వాడు ఎవనికి జవాబు చెప్తడు?" అని అడిగేవారని ఇందాక మాట్లాడిన మిత్రులు గుర్తు చేశారు. నేను రాసుకొచ్చిన కాగితాల్లో ఉన్నదీ దాదాపు అదే ప్రశ్న. విధాన పరిశోధన సంస్థల పాలకమండళ్లలో ఎవరు కూర్చుంటారు, ఎక్కణ్నుంచి వస్తారు, దానివల్ల కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నది ఇవాళ్టి విషయం.

ఈ సంస్థల వార్షిక నివేదికలు మామూలుగా ఎవరూ చదవరు. చదివినవారు ప్రాజెక్టుల జాబితా చూసి పక్కన పెడతారు. నాకు చివరి పేజీలు ముందు తిప్పే అలవాటు. అక్కడ పాలకమండలి సభ్యుల పేర్లుంటాయి. పేరు పక్కన రెండు ముక్కల్లో పరిచయం: విశ్రాంత ఐఏఎస్, మాజీ వైస్ ఛాన్సలర్, ఆర్థికశాస్త్ర ఆచార్యులు, బ్యాంకు మాజీ ఛైర్మన్, ఈ మధ్య అయితే ఐటీ కంపెనీ వ్యవస్థాపకులు. 'రైతు' అనో, 'బీడీ కార్మిక సంఘం కార్యకర్త' అనో, 'మాజీ సర్పంచ్' అనో కనబడటం అరుదు. చదువుకున్నవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు, నేనూ ఆ బాపతు మనిషినే. కానీ హోదాల జాబితా చదివితే మనిషి నేపథ్యం తెలిసిపోయిందనుకోవడం పొరపాటు. నేనయితే ఒక్క సంగతి వెతుకుతాను. తన నిర్ణయం వల్ల నష్టపోయే మనిషి ఎదుట నిలబడి జవాబు చెప్పాల్సిన పరిస్థితి ఈయనకు, ఈమెకు జీవితంలో ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఎవరి ఎదుట?

మీకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. 2023 జనవరి. కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద గొడవ రేగింది. గీసింది ఢిల్లీకి చెందిన ఒక కన్సల్టెన్సీ. పట్టణం చుట్టూ ఉన్న ఊళ్ల పంట పొలాలు మ్యాపులో ఒక రంగు కింద ఇండస్ట్రియల్ జోన్ అయ్యాయి, ఇంకో రంగు కింద గ్రీన్ జోన్ అయ్యాయి. అడ్లూర్, టేక్రియాల్, ఇల్చిపూర్, లింగాపూర్ రైతులు తమ సర్వే నంబరు ఏ రంగులో ఉందో వెతుక్కున్నారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఆ రైతుది అడ్లూర్ ఎల్లారెడ్డి ఊరు. బయటివాళ్లు దాన్ని డివిజన్ కేంద్రమైన ఎల్లారెడ్డి అనుకుని రాశారు కూడా, అంత దూరం నుంచి చూశారన్నమాట. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది.

ఆ ప్లాను గీసినవాళ్లకు పట్టణ ప్రణాళికలో డిగ్రీలు లేవా? ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలు లేవా? ఉన్నాయి. జనాభా పెరుగుదల లెక్కలు వేశారు, రోడ్ల వెడల్పు వేశారు. ఆ లెక్కల్లో తప్పులున్నాయో లేదో నేను తేల్చలేను. నాకు కనబడేది వేరు. గీసినవాళ్లలో ఏ ఒక్కరూ ఆ పొలం గట్టు మీదికొచ్చి "నీ ఎకరం ఇందుకోసం కావాలి" అని చెప్పాల్సిన అవసరం లేని ఏర్పాటు అది. ఆ పని కౌన్సిలర్లకూ కలెక్టరుకూ మిగిలింది. తెలిసినవాళ్లు ఒక చోట, జవాబు చెప్పేవాళ్లు ఇంకో చోట. మన విధాన పరిశోధన చరిత్రంతా ఈ ఎడం చుట్టే తిరిగిందని నా అభిప్రాయం.

ఇంతకూ పాలకమండలి చేసే పనేమిటి? అది సర్వేకు పోదు, పట్టికలు వేయదు. ఏడాదికి కొన్నిసార్లు కూర్చుని టీ తాగి లేస్తుందని యువ పరిశోధకులు ఎగతాళి చేస్తారు. కానీ డైరెక్టరును ఎంచుకునేది అదే. ఎవరి డబ్బు తీసుకోవచ్చో, ఎవరిది వద్దో తేల్చేది అదే. రాబోయే అయిదేళ్లు భూమి మీద పని చేయాలా, స్టార్టప్‌ల మీద చేయాలా అన్న మొగ్గు అక్కడే తయారవుతుంది. ఒక నివేదిక సచివాలయానికి నచ్చక ఫోను వచ్చినప్పుడు, పరిశోధకుడి వెనక నిలబడాలా, "ఇంకోసారి చూద్దాం" అని బీరువాలో పెట్టాలా అన్నది కూడా చివరికి పాలకమండలి వెన్నెముక మీదే ఆధారపడుతుంది. ఈ చివరి పని ఏ నియమావళిలోనూ రాసి ఉండదు.

ఆ కుర్చీ ఎలా నిండుతుందో కూడా చెప్పాలి. ఈ సంస్థల్లో ఎక్కువ భాగం సొసైటీలుగా రిజిస్టరు అయినవే. తెలంగాణలో పాతవి నిజాం కాలం నాటి 1350 ఫసలీ చట్టం కింద, కొత్తవి 2001 చట్టం కింద ఉంటాయి. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే 1969లో పుట్టిన ఐసీఎస్ఎస్ఆర్, గుర్తించిన సంస్థ అయితే ఆ మండలి ప్రతినిధులు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఉంటారు. మిగతా ఖాళీలు వచ్చినప్పుడు సాధారణంగా ఉన్న సభ్యులే కొత్త పేర్లు సూచిస్తారు. ఎవరైనా తనకు తెలిసిన పేరే చెబుతారు. బేగంపేటలో ఉన్నాయన బంజారాహిల్స్‌లో ఉన్నాయన పేరు చెబుతారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కుట్ర అయితే బయటపెట్టవచ్చు. ఇది పరిచయాల వలయం కాబట్టి బయటపెట్టడానికి కూడా ఏమీ ఉండదు.

ఇక హైదరాబాద్‌లో జరిగిన కథకు వస్తాను. సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, మనం సెస్ అని పిలిచే సంస్థ, 1980లో మొదలైంది. 1986లో ఐసీఎస్ఎస్ఆర్ గుర్తింపు వచ్చింది. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఉంటుంది. ఒకప్పుడు నక్షత్రాల జాబితా తయారు చేసిన చోట ఇప్పుడు రేషన్ కార్డుల లెక్కలు చూస్తారు. ఈ మార్పు నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఆ సంస్థ మొదటి తరంలో ఇద్దరి గురించి ప్రత్యేకంగా మాట్లాడాలి.

మొదటివారు బి.పి.ఆర్. విఠల్. 1927లో పుట్టారు, 1950 బ్యాచ్ ఐఏఎస్. 1972 నుంచి 1982 దాకా ఆంధ్రప్రదేశ్ ఆర్థిక, ప్రణాళికా శాఖల కార్యదర్శి. పదేళ్లు ఒకే కుర్చీలో ఉండటం ఇవాళ ఊహించలేం. తర్వాత అంతర్జాతీయ ద్రవ్యనిధి తరఫున సూడాన్, మలావి ప్రభుత్వాలకు సలహాదారుగా వెళ్లారు. పదో ఆర్థిక సంఘం సభ్యులుగా చేశారు. 2020 జూన్‌లో కన్నుమూశారు. ఈ పరిచయం చదివితే మరో విశ్రాంత అధికారి అనిపిస్తుంది. కానీ ఆర్థిక కార్యదర్శి ఉద్యోగం ఎలాంటిదో ఆలోచించండి. మంత్రి వచ్చి అడిగితే "డబ్బు లేదు" అని మొహం మీద చెప్పాలి. ఆడిట్ అభ్యంతరాలకు శాసనసభ ప్రజాపద్దుల కమిటీ ముందు కూర్చుని వివరణ ఇవ్వాలి. సంస్థ పెట్టేనాటికి ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ప్రభుత్వంలో ఉన్న మనిషి, ప్రభుత్వాన్ని ప్రశ్నించే చోటు ఒకటి కావాలని పూనుకోవడం చిన్న సంగతి కాదు. ఆ ప్రశ్న ఎంత గట్టిగా అడగగలిగారన్నది వేరే చర్చ. తెలంగాణ మిగులు నిధుల మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఇవాళ్టికీ ఆ విషయంలో చదవాల్సినదే.

రెండోవారు సి.హెచ్. హనుమంతరావు. 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టారు, మనకు పక్క జిల్లా. విద్యార్థిగా నిజాం వ్యతిరేక ఉద్యమంలో ఉన్నారు. ఢిల్లీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో ఆచార్యులయ్యారు, 1982 నుంచి 1986 దాకా ప్రణాళికా సంఘం సభ్యులు. సెస్ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు, తర్వాత ఛైర్మన్. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ భూమి మీద పన్ను గురించి 1966లోనే పుస్తకం వేశారు. కానీ ఎల్లారెడ్డి మనిషికి ఆయన చేసిన అన్నిటికంటె దగ్గరి పని, నా లెక్కలో, 1994 నాటి కమిటీ నివేదిక. కరువు ప్రాంతాల అభివృద్ధి పథకం ఎందుకు పని చేయడం లేదో చూడమని కేంద్రం ఆయన అధ్యక్షతన కమిటీ వేసింది. దాని నుంచి 1995 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు పుట్టాయి.

ఆ మార్గదర్శకాల్లో కట్టలు, చెక్ డ్యాముల సంగతి ఇంజినీర్లు చదివారు. నేను చదివింది ఊరి వాటర్‌షెడ్ కమిటీ ఎలా ఏర్పడాలన్న భాగం. నీటిని, భూమిని వాడుకునే వారి సంఘాల నుంచి కొందరు, స్వయం సహాయక సంఘాల నుంచి కొందరు, పంచాయతీ నుంచి కొందరు, సాంకేతిక బృందం నుంచి ఒకరు ఉండాలి. ఆడవాళ్లు ఉండాలి, దళితులు, ఆదివాసులు ఉండాలి, భూమి లేనివాళ్లు ఉండాలి. అంటే దేశంలోని పెద్ద ఆర్థికవేత్తల్లో ఒకాయన, ఒక గుట్ట మీంచి జారే వాన నీళ్ల గురించి నిర్ణయించడానికి ఎవరెవరు కూర్చోవాలో అంత శ్రద్ధగా రాశారు. ఆ నివేదిక తర్వాత మూడేళ్లకే, 1997లో, వచ్చిన నీటి సంఘాల చట్టంలో ఓటు సాగుదారుకే, కూలికి లేదు. పోల్చి చూస్తే హనుమంతరావు కమిటీ చూపు ఎంత విశాలమో తెలుస్తుంది.

మరి అదే నియమం ఆ కమిటీలకు సలహాలు రాసే పరిశోధన సంస్థలకు ఎందుకు వర్తించలేదు? లింగంపేట తండాలో కట్ట ఎక్కడ వేయాలో చెప్పడానికి భూమిలేని మనిషి అభిప్రాయం అవసరమైనప్పుడు, భూమిలేనివాళ్ల మీద వచ్చే అయిదేళ్లు పరిశోధన చేయాలా వద్దా అని చెప్పడానికి ఎందుకు అవసరం లేదు? ఈ మాట హనుమంతరావు గారి మీద గౌరవంతోనే అంటున్నాను. ఆయన నియమాన్ని ఆయన తరం తమ ఇంటి గడప దాటించలేదు. మా తరం కూడా దాటించలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఇక్కడ తలచుకోకపోతే లోటు. కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ ఆమె చేతుల మీదుగా ఢిల్లీలో పుట్టింది, హైదరాబాద్‌లో దక్షిణ కేంద్రం వచ్చింది. రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలు అని పరిచయాల్లో రాస్తారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్లి కాదనుకున్న అమ్మాయి అని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి అక్కడ చేయని నేరాలు ఒప్పుకున్న ఆడవాళ్లను చూసి లా చదవాలనుకున్న మనిషి అని రాయరు. సంస్థ ఏ ప్రశ్నలు అడగాలో నిర్ణయించింది ఆ రెండో పరిచయమే.

ఇప్పుడు కొంచెం వెనక్కి, తెలంగాణ ప్రశ్నకు వెళ్తాను. ఎందుకంటే కమిటీలో ఎవరుండాలన్న దాని మీద ఈ నేల పడినంత తగాదా దేశంలో మరెక్కడా పడి ఉండదు.

1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం చదవండి. తెలంగాణ ప్రాంతీయ మండలిలో 20 మంది ఉండాలన్నారు. తొమ్మిది జిల్లాలకు జిల్లాకొకరు చొప్పున తొమ్మిది మంది, ఆ జిల్లా శాసనసభ్యులే వేరుగా ఎన్నుకోవాలి. ఆరుగురు శాసనసభ, పార్లమెంటు సభ్యుల నుంచి. అయిదుగురు చట్టసభల బయటి నుంచి. ఈ చివరి అయిదు స్థానాల మీద నాకు మమకారం. ఉపాధ్యాయుడో, ఆర్థికవేత్తో, రైతు నాయకుడో రావడానికి తలుపు తెరిచి పెట్టారు. నిజామాబాద్ జిల్లాకు ఒక స్థానం ఖాయంగా ఉండేది, అందులో కామారెడ్డి, ఎల్లారెడ్డి కలిసే ఉండేవి. ఆచరణలో 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన ప్రాంతీయ కమిటీ తెలంగాణ శాసనసభ్యులందరితో ఏర్పడింది. బయటి అయిదుగురు మాయమయ్యారు. అంటే జనానికి జవాబు చెప్పేవాళ్లు నిండా ఉన్నారు, లెక్కలు తవ్వి ఇచ్చే వ్యవస్థ లేదు.

మిగులు నిధుల తగాదాలో దాని ఫలితం కనబడింది. తెలంగాణ ఆదాయం ఇక్కడ ఖర్చు కాకుండా పోయిందని కమిటీ అడుగుతూనే ఉంది, అంకెలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. 1969లో కుమార్ లలిత్ అనే అధికారి వచ్చి 34 కోట్లకు పైగా మిగులు అన్నారు. అదే ఏడు జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీ వేస్తే అది 28 కోట్ల పైచిలుకు అయింది. ఖాతా పుస్తకాలు అవే, మొత్తాలు రెండు. ఏ పద్దు లెక్కలోకి తీసుకోవాలి, ఏది వదిలేయాలి అన్న దగ్గర తేడా వచ్చింది. అంకెల్లో అభిప్రాయం ఉండదని విద్యార్థులకు చెప్పే మా వృత్తివాళ్లం ఆ కథ గుర్తుంచుకోవాలి. 1973 ఆరు సూత్రాల పథకంతో ప్రాంతీయ కమిటీయే పోయింది. దాని బదులు ప్రణాళికా మండళ్లన్నారు, కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నారు. విశ్వవిద్యాలయం వచ్చింది.

తెలంగాణ డిమాండును పరిశీలించడానికి 2010 ఫిబ్రవరిలో వేసిన శ్రీకృష్ణ కమిటీ ఆ ప్రాంతీయ కమిటీకి సరిగ్గా అవతలి కొస. అయిదుగురు సభ్యులు: బొంబాయి అల్లర్ల మీద విచారణ జరిపిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ, న్యాయ విద్యావేత్త రణబీర్ సింగ్, ఆర్థికవేత్త అబూసలే షరీఫ్, ఐఐటీ ఢిల్లీ సామాజిక శాస్త్రవేత్త రవీందర్ కౌర్, కేంద్ర హోంశాఖ మాజీ కార్యదర్శి వినోద్ దుగ్గల్. తెలుగు నేల మీద పుట్టినవారు ఒక్కరూ లేరు. రణబీర్ సింగ్ మాత్రం అంతకు ముందు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి పదేళ్లు వైస్ ఛాన్సలర్, ఊరు తెలిసిన మనిషి. తటస్థత కోసం అలా వేశారని అందరికీ అర్థమైంది. వాళ్లు జిల్లాలు తిరిగారు, గుట్టలకొద్దీ వినతిపత్రాలు తీసుకున్నారు, ఆ ఏడాది డిసెంబరులో ఆరు ప్రత్యామ్నాయాలతో నివేదిక ఇచ్చారు. 2011 మొదట్లో హనుమంతరావు గారే దాని మీద రాసిన విమర్శలో, కమిటీ చేసిన విశ్లేషణకూ చివరి సిఫారసుకూ పొంతన లేదన్నారు. తటస్థులు రాసిన దాన్ని ఇక్కడి మనిషి తప్పుపట్టాడని కొట్టిపారేయలేం. ఎందుకంటే ఆయన వాదన అంకెల మీదే. హైదరాబాద్‌ను కలిపి సగటు తీస్తే తెలంగాణ ఒకలా, తీసేసి చూస్తే ఇంకోలా కనబడుతుందన్న సంగతి మీదే.

ఆ సగటు మాయ మనకు ఇంకా దగ్గరగా ఉంది. 2016 అక్టోబరు 11 దాకా మనది నిజామాబాద్ జిల్లా. నిజామాబాద్ అనగానే నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, చెరకు, వరి, కోస్తా నుంచి వచ్చిన సాగుదారులు. రాష్ట్ర స్థాయి పట్టికల్లో నీళ్లున్న జిల్లా. కానీ ఆ ఆనకట్ట ఎల్లారెడ్డికి దగ్గర, దాని కాలువ పారేది బాన్సువాడ, బోధన్ వైపు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేటలకు దక్కింది పోచారం కింది కొద్దిపాటి ఆయకట్టు. గాంధారి, లింగంపేట గుట్టల మీద తండాలకు అదీ లేదు. వాన, బోరు, లేకపోతే గల్ఫ్. జిల్లా సగటు తీసిన ప్రతిసారీ బోధన్ నీళ్లు ఎల్లారెడ్డి మెట్ట మీద కాగితంలో పారాయి. హైదరాబాద్‌లో ప్రాజెక్టు ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు "ఆ జిల్లాను రెండు ముక్కలుగా చూడండి" అని ఎవరో ఒకరు అనాలి. ఆ మాట డేటాలో నుంచి పుట్టదు. ఎందుకంటే డేటా జిల్లాలవారీగానే అచ్చవుతుంది. ఎల్లారెడ్డి బస్టాండులో దిగి గాంధారి దాకా పోయిన మనిషికే అది తడుతుంది.

ఇప్పుడు ఒక పేరు చెబుతాను. మీలో పెద్దవాళ్లకు తెలిసిందే, పిల్లలకు తెలియదేమో. టి.ఎన్. సదాలక్ష్మి. 1928లో సికింద్రాబాద్ బొల్లారంలో పెన్షన్‌పురాలో మెహతర్ కుటుంబంలో పుట్టారు. ఊరి మలినం ఎత్తే కులం. 1957లో తెలంగాణ జిల్లాలకు మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు కామారెడ్డి నుంచి గెలిచారు. 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలిచారు. ఈ రెండు ఊళ్లూ ఆమెకు ఓటేశాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి మహిళా డిప్యూటీ స్పీకరు ఆమె, తర్వాత దేవాదాయ శాఖ మంత్రి. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన మనిషి చేతికి గుళ్ల ఆస్తుల లెక్కలు వచ్చాయి. దాంతో ఎంతమందికి ఒళ్లు మండిందో ఊహించుకోవచ్చు. తెలంగాణ శాసనసభ్యురాలిగా ఆ ప్రాంతీయ కమిటీలో ఆమెకూ స్థానం ఉంది. 1969 ఉద్యమంలో తెలంగాణ ప్రజాసమితి నాయకుల్లో ఒకరు. చివరి రోజుల్లో మాదిగ దండోరా వెంట నడిచారు. 2004లో పోయారు.

విధానం అన్న మాటను మనం సచివాలయానికీ పరిశోధన సంస్థలకూ రాసిచ్చేశాం కాబట్టి, ఆమెను విధాన చరిత్రలో ఎవరూ చేర్చలేదు. ఆమె జీవితాన్ని పుస్తకంగా తెచ్చింది గోగు శ్యామల. 'నేనే బలాన్ని' పేరుతో 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. శ్యామల 1985లో మొదలైన అన్వేషి స్త్రీల పరిశోధన కేంద్రంలో పరిశోధకురాలు, దళిత కుటుంబం నుంచి వచ్చిన కథా రచయిత్రి. హైదరాబాద్‌లో ఇన్ని సంస్థలుండగా, కామారెడ్డి, ఎల్లారెడ్డి ఎన్నుకున్న ఆ మనిషి గురించి పని జరగడానికి ఆ నేపథ్యం ఉన్న పరిశోధకురాలు ఒక సంస్థలోకి రావాల్సి వచ్చింది. నేపథ్యం ప్రశ్నను మారుస్తుందనడానికి ఇంతకంటె సూటి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. "దళితుణ్ని ఒకర్ని, రైతును ఒకర్ని, ఆడమనిషిని ఒకర్ని కూర్చోబెట్టి ఫొటో తీస్తే సరిపోతుందా?" సరిపోదు. ఇరవై మంది ఇంగ్లీషులో మాట్లాడే గదిలో ఒక్క సర్పంచును కూర్చోబెడితే ఆయన సంతకం మాత్రమే మిగులుతుంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: జనానికి జవాబు చెప్పే మనిషి పరిశోధనలోకి వస్తే జనానికి నచ్చని నిజం రాయనిస్తాడా? ఉచిత కరెంటు వల్ల భూగర్భ జలం అడుగంటిందని రాస్తే ఓటు పోతుంది కదా. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అందుకే నేను ఎన్నికైనవాళ్లతో నిండిన పాలకమండలిని కోరను. ఆ ప్రయోగం ప్రాంతీయ కమిటీలో చూశాం. బయటివాళ్లతోనే నిండినదాన్నీ చూశాం. పెద్దమనుషుల ఒప్పందంలో రాసి వదిలేసిన ఆ తొమ్మిది, ఆరు, అయిదు లాంటి కలయిక ఇంకా ఎవరూ నిజాయితీగా ప్రయత్నించలేదు.

హోదాలు సంస్థను కాపాడతాయన్న నమ్మకం కూడా సడలింది. 1973లో పుట్టిన ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ పాలకమండలిలో లేని పెద్దపేరు లేదు. 2024 జనవరిలో దాని విదేశీ విరాళాల అనుమతి రద్దయింది. ఉద్యోగాలు పోయాయి. అప్పుడు నిరసన తెలిపింది ఎక్కువగా తోటి మేధావులే. వాళ్ల పని వల్ల లాభపడిన ఊళ్లకు ఆ సంస్థ ఒకటుందని కూడా తెలియదు. తెలిసి ఉంటే నిలబడేదని చెప్పలేను, కానీ అంత ఒంటరిగా మాత్రం ఉండేది కాదు.

మళ్లీ మన ఊరికి వస్తే, 2023 నవంబరు 10న ఇదే కామారెడ్డిలో బీసీ డిక్లరేషన్ ప్రకటించారు. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ అన్నారు. 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలైంది. లెక్కలు పరిశీలించడానికి 2025లో స్వతంత్ర నిపుణుల బృందాన్ని వేశారు. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అధ్యక్షులు, గొర్రెల కాపరుల కుటుంబం నుంచి వచ్చిన కంచ ఐలయ్య ఉపాధ్యక్షులు. శాంతా సిన్హా, సుఖదేవ్ థోరట్, లంబాడా చరిత్రకారుడు భంగ్యా భూక్యా సభ్యులు. ఈసారి నేపథ్యాలు చూసి మరీ ఎంచుకున్నారన్నది స్పష్టం. ఆ 42 శాతం రిజర్వేషన్ ఉత్తర్వును 2025 అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది, ఆ వివాదంలోకి ఇప్పుడు పోను. నాకు తోచింది ఒకటే. మూడున్నర కోట్ల మందిని కులం, భూమి, చదువు, అప్పు అడిగి రాసుకున్నాం. అలా అడగాలని వాదించినవాళ్లలో మా పరిశోధన రంగం ముందుంది. మా పాలకమండళ్ల లెక్క అదే పద్ధతిలో తీసి వార్షిక నివేదికలో వేసిన సంస్థను నేను చూడలేదు. వేయండి అని నాకు వీలైన ప్రతి చోటా అడుగుతున్నాను. పుట్టిన జిల్లా, చదివిన బడి సర్కారుదా ప్రైవేటుదా, తండ్రీ తల్లీ చేసిన పని, సొంత భూమి, ఎక్కడైనా ఎన్నికయ్యారా. ఒక్క పేజీ పట్టదు. కొందరు నవ్వారు, ఒకరిద్దరికి కోపం వచ్చింది.

ఇంకో కోరిక పూర్తిగా మన జిల్లాది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో ఇక్కడ కురిసిన వాన మీరందరూ చూశారు. ఒక్క రోజులో కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లకు పైగా పడింది. రైలు కట్ట కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట మీదుగా, కట్టినప్పుడు లెక్కవేసిన దానికి రెండింతల పైగా వరద పోయింది, కట్ట నిలిచింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అధ్యయన బృందాలు వేస్తారు. వేసినప్పుడు హైడ్రాలజీ ఆచార్యులు తప్పకుండా ఉండాలి. వారి పక్కన పోచారం తూముల దగ్గర పనిచేసిన లష్కరు ఒకరు, చెరువు తెగి పంట పోయిన ఊరి సర్పంచు ఒకరు, గుట్ట కింది తండా నుంచి ఒక ఆడమనిషి, సాక్షులుగా కాదు, నివేదిక మీద సంతకం పెట్టే హక్కుతో ఉండాలి. వాళ్లు ఒప్పుకోని చోట వాళ్ల అసమ్మతి కూడా తెలుగులో అచ్చు వేయాలి. మాస్టర్ ప్లాన్ మళ్లీ గీస్తే దానికీ ఇదే.

చివరగా ఇక్కడి కాలేజీ పిల్లలకు ఒక పని. సదాలక్ష్మి కామారెడ్డి సభ్యురాలిగా, తర్వాత ఎల్లారెడ్డి సభ్యురాలిగా శాసనసభలో మాట్లాడిన మాటలు సభా కార్యక్రమాల సంపుటాల్లో ఉంటాయి. ఏ ఏడు ఏ ప్రశ్న అడిగారు, ఏ మంత్రి ఏం జవాబిచ్చారు, ఆ జవాబు ఈ మండలాల్లో అమలైందా లేదా అన్నది ఊరూరా తిరిగి రాసుకోవచ్చు. అర్థశాస్త్రం, రాజనీతి, తెలుగు విభాగాలు కలిసి చేస్తే రెండు మూడేళ్ల పని. సంపుటాలు చూడటానికి అనుమతి ఉత్తరం నేను రాసిస్తాను, చేసేవాళ్లు సభ అయ్యాక వచ్చి పేర్లు ఇవ్వండి.